బుధవారం కారు

ఆదివారం చర్చి అయ్యాక నన్ను కాన్‌బెరాలో హారిసన్ పేటలోని మా ఇంటి దగ్గర దింపే కుర్రకారుకి నా మీద ఒక ఫిర్యాదు ఉందని ఈమధ్యే తెలిసింది. ముందు సీట్లో కూర్చుని ప్రతి కూడలి దగ్గరా "ఎడమ ఖాళీ", "కుడివైపు తెల్ల వ్యాను" అంటుంటానట. ఎవరూ అడగకుండానే. "అంకుల్, ఐ కెన్ సీ," అని ఒకమ్మాయి చాలా మర్యాదగా అంది. మీ కార్లకి ఇప్పుడు కళ్ళూ చెవులూ ఉన్నాయని, ఏదైనా దగ్గరికొస్తే వాటంతటవే కూస్తాయని నాకు తెలుసు. అవి కూస్తే మీరు నొచ్చుకోరు. నేను కూస్తే నొచ్చుకుంటున్నారు. అందుకని నా సంజాయిషీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ అలవాటు నాకు ఉద్యోగంలో వచ్చింది. ఆ ఉద్యోగంలో చెయ్యకూడని పని ఏదైనా ఉందంటే అదీ ఇదే.

ఎనభైల చివర్లో మేం ఈ దేశం వచ్చినప్పుడు, కాకినాడలో నేను చదివిన మెకానికల్ ఇంజినీరింగును ఇక్కడి అధికారులు ఎంతో గౌరవంగా తిరగేసి చూసి, వెనక్కి ఇచ్చేశారు. మా ఆవిడ నర్సింగును మాత్రం ఉంచుకున్నారు. ఆమెకి కాన్‌బెరా నుంచి మూడు గంటల దూరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పని దొరికింది. ఆమె వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ నేనూ వెళ్ళాను. ఏడాది తిరిగేసరికి అక్కడి మోటారు రిజిస్ట్రీలో నాకు డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఉద్యోగం వచ్చింది. ఇంజనుకి అంత దగ్గరగా కూర్చునే ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

ఊరి పేరు చెప్పను. ఆ ఊరు ఆస్ట్రేలియాలోనే ఉండేది కానీ, ఆ సంగతి దానికి ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. వీధులన్నిటికీ ఇంగ్లండు జిల్లాల పేర్లు. ప్రతి ఇంటి ముందూ కత్తిరించిన పొదలు, గులాబీలు. తెల్లబట్టలు వేసుకుని పచ్చిక మీద బంతులు దొర్లించే క్లబ్బు. నలభై డిగ్రీల ఎండలో నాలుగింటికల్లా పొగలు కక్కే టీ. క్రిస్మస్‌కి చెమటలు తుడుచుకుంటూ కిటికీలకి దూదితో మంచు అతికించేవారు. అందరూ ఇంగ్లండును "హోమ్" అనేవారు. ఒక పెద్దావిడను, మీరు హోమ్ నుంచి ఎప్పుడొచ్చారండీ అని అడిగాను.

"రావడమేమిటి డియర్, నేను ఆ రెండో వీధిలో పుట్టాను," అంది.

వయసు మళ్ళినవాళ్ళ ఊరది. యాభై దాటిన మా మేనేజరును ఊళ్ళో అందరూ "ఆ కుర్రాడు" అనేవారు. ఒక వయసు దాటాక ఏడాదికోసారి మళ్ళీ డ్రైవింగ్ పరీక్షకి కూర్చోవాలని ఆ రాష్ట్రంలో నియమం. కాబట్టి మిగతా ఊళ్ళలో పరీక్షకి పదిహేడేళ్ళ పిల్లలు వణుక్కుంటూ వస్తే, మా దగ్గరికి ఎనభై ఆరేళ్ళవాళ్ళు టై కట్టుకుని వచ్చేవారు. వణుకు వాళ్ళకీ ఉండేది, పరీక్షతో సంబంధం లేకుండా.

పరీక్ష రెండు భాగాలు. మొదటిది, గోడ మీద అక్షరాల చార్టు చదవడం. రెండోది, వాళ్ళ కారులోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరు చుట్టి రావడం. చార్టు నాకంటే ఎంతో ముందు నుంచీ ఆ గోడకే ఉంది. దారి కూడా నా ముందు పనిచేసినాయన ఏర్పాటు చేసిందే: పోస్టాఫీసు దగ్గర ఎడమకి, క్లబ్బు పక్కనుంచి తిన్నగా, శ్మశానం గేటు దగ్గర కారు వెనక్కి తిప్పుకుని తిరిగి రావాలి. శ్మశానం దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పించడం ఆయన ఏ ఉద్దేశంతో పెట్టాడో అడిగే అవకాశం నాకు రాలేదు. ఆయన అప్పటికే వెనక్కి తిరగని దారిన వెళ్ళాడు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ నేను మాట్లాడకూడదు. ఎడమ, కుడి, ఆపండి. అంతే. ఆ నియమాన్ని నేను మొదటిరోజే తప్పాను. తప్పినట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. చిన్నప్పుడు బాపట్లలో మా తాతయ్యను చర్చికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే పని నాది. ఆయనకి చూపు ఆనేది కాదు. దారిపొడుగునా "తాతయ్యా, రాయి. తాతయ్యా, గేదె. తాతయ్యా, సైకిలొస్తోంది" అంటూ నడిచేవాణ్ణి. పెద్దవాళ్ళ ముందు మెట్టుంటే చెప్పకుండా ఊరుకునేవాణ్ణి మా ఇంట్లో మనిషి కింద లెక్కవేసేవారు కాదు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి ఎనభై ఆరేళ్ళవాళ్ళ పక్కన కూర్చోబెట్టి నోరు మూసుకోమంటే ఎలా? "అక్కడ గుంటుందండీ." "ఆ పిల్లాడి బంతి చూసుకోండి." "ఎర్రదీపం పడబోతోంది సర్." ఇంగ్లిషులో, వినయంగా, తెరిపి లేకుండా. అందరూ పాసయ్యేవారు. నా చేతివాసి మంచిదని ఊళ్ళో పేరొచ్చింది. నేనూ నమ్మాను.

వీళ్ళలో నాకు బాగా ఇష్టమైనావిడ ఒక రిటైరైన పియానో టీచరు. ఎనభై ఏడేళ్ళు. మీగడ రంగు పెద్ద కారు, చేతులకి తొడుగులు. పేరు పెట్టి పిలవమంది మొదటిసారే. నా నోరు తిరగలేదు. ఆంటీ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మీ అమ్మ వైపా, నాన్న వైపా?" అని అడిగింది.

చార్టు ఆవిడలా చదివినవాళ్ళని నేను చూడలేదు. తొడుగులు విప్పుకుంటూ, నేను పుల్లతో చూపించకముందే, పైనుంచి కింది వరుస దాకా రాగం తప్పకుండా చెప్పేసేది. ఈ వయసులో ఏం చూపు అని నేను ఇంటికెళ్ళి మెచ్చుకునేవాణ్ణి.

ప్రతి బుధవారం ఈవిడ కారు ఊరు దాటి, యాభై కిలోమీటర్ల అవతలున్న పెద్దాసుపత్రికి వెళ్ళేది. ముందు సీట్లో రైల్వేలో సిగ్నల్ మనిషిగా చేసి రిటైరైన ముసలాయన. ఆయనకి రక్తంలో జబ్బు. వారం వారం మందు ఎక్కించుకోవాలి, అది బుధవారమే ఎక్కిస్తారు. మా ఊరికి రైలు ఎప్పుడో ఆపేశారు. బస్సు సోమవారం, శుక్రవారం. వెనక సీట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఏదో ఒక కీలు చూపించుకోవడానికి. సిగ్నలాయనకి చేతులు వణుకుతాయని లైసెన్సు ఎప్పుడో తిరిగి ఇచ్చేశాడు. అక్కచెల్లెళ్ళు అసలు నేర్చుకోనే లేదు. కాబట్టి ఆ నలుగురికీ కలిపి లైసెన్సు ఒకటే. దాని మీద ఏడాదికోసారి సంతకం పెట్టేవాణ్ణి నేను. రెండేళ్ళు పెట్టాను.

మూడో ఏడు రెండు సంగతులు జరిగాయి. ఒకటి, మా హెడ్డాఫీసులో ఎవరికో తీరిక దొరికి లెక్కలు చూసి, మా ఊళ్ళో ముసలివాళ్ళు మిగతాచోట్ల కుర్రవాళ్ళ కంటే ఎక్కువగా పాసవుతున్నారే అని రాశారు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు.

"నువ్వు కార్లో కబుర్లు చెబుతావట, మేట్?"

"కబుర్లు కాదు. జాగ్రత్తలు."

"ఇకనుంచి ఎడమ, కుడి, ఆపండి. మిగతాదంతా నోట్లోనే ఉంచుకో."

రెండోది, ఊరి కౌన్సిలు మా పరీక్ష దారిలో క్లబ్బు దగ్గర కూడలిని తవ్వి, కార్లు చుట్టూ తిరిగి వెళ్ళేలా ఊరి మొట్టమొదటి రౌండెబౌట్ కట్టింది. మధ్యలో గుండ్రంగా నల్లమట్టి పోసి, చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టి, పన్నెండు గులాబీ మొక్కలు నాటారు. శనివారం రిబ్బను కత్తిరించారు. సోమవారం పియానో ఆంటీ పరీక్ష.

చార్టు రాగం తప్పలేదు. కారెక్కాం. నేను పెదాలు బిగించి కూర్చున్నాను. పోస్టాఫీసు దగ్గర "ఎడమకి" అన్నాను. చక్కగా తిప్పింది. వీధిలో ఒక కుక్క అడ్డొచ్చింది. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాను. కుక్క తన సంగతి తనే చూసుకుంది. తర్వాత రౌండెబౌట్ వచ్చింది. ఆవిడ వేగం తగ్గించలేదు, పెంచలేదు. నిబంధన ప్రకారం ముప్పై అయిదులో, తిన్నగా, గట్టెక్కి, గులాబీల మధ్యనుంచి వెళ్ళి, అవతల గట్టు దిగింది. నా క్లిప్‌బోర్డు ఒళ్ళోంచి ఎగిరి కాళ్ళ దగ్గర పడింది.

"ఈ రోడ్డు కౌన్సిలువాళ్ళు బాగుచేయించాలి," అంది ఆంటీ.

మిగతా దారంతా ఒక్క తప్పు లేదు. శ్మశానం గేటు దగ్గర తిప్పడం ముచ్చటగా తిప్పింది. తిరిగొచ్చేటప్పుడు నేను కాస్త భయపడి వేరే వీధిలోంచి "కుడికి" అని తప్పించాను. ఆఫీసు ముందు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, నా వైపు కొంచెం పక్కకి చూస్తూ అడిగింది:

"ఈవేళ ఏం మాట్లాడలేదేం డియర్? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నానండీ. ఆంటీ, ఆ రౌండెబౌట్..."

"రౌండెబౌట్ కట్టారని నాకు తెలుసు. ఎక్కడో మీరు చెబుతారు కదా అని చూస్తున్నాను."

కింద పడ్డ క్లిప్‌బోర్డు తీసుకుని కారు దిగాను. అప్పటికి నాకు మాట్లాడకపోవడం అలవాటైంది.

మేనేజరు బయటికొచ్చి, బంపరుకి చిక్కుకున్న గులాబీ కొమ్మను చూశాడు. చిన్నప్పుడు పియానో పాఠంలో ఆయన వేళ్ళ మీద స్కేలుతో కొట్టినావిడ ఈవిడే. ఆవిడ చెయ్యూపి కారు తీసుకుని వెళ్ళేదాకా ఆగి అన్నాడు:

"మొక్కలు కొత్తవి, మేట్. ఊళ్ళో ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. గురువారం మళ్ళీ పెట్టు. ఈలోగా అదెక్కడుందో ఆవిడకి ఎవరో ఒకరు చెబుతారు."

"అదెక్కడుందో కనిపించాలి కదా?"

"తెలిస్తే సరిపోతుంది. ఈ ఊళ్ళో అందరం అలాగే బతుకుతున్నాం."

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. కూర కలుపుతున్న గరిటె ఆపింది.

"చర్చిలో టీ పోసేటప్పుడు ఆవిడ కప్పులోకి వేలు వంచి పెట్టుకుంటుందండీ. నిండిందో లేదో చూసుకోవడానికి. నేనేదో అలవాటు అనుకున్నాను. నడిమధ్య చూపు పోయుంటుంది. అంచులే మిగులుతాయి. మా వార్డులో అలాంటివాళ్ళు చాలామందే. రెండేళ్ళు పక్కన కూర్చున్నారు, మీకు తెలీలేదా?"

"నేను రోడ్డు చూస్తున్నాను."

"అదే మరి. ఇద్దరి తరఫునా మీరే చూశారు."

కాసేపటికి మళ్ళీ తనే అంది: "ఫెయిల్ చేస్తే ఆ సిగ్నలాయన సంగతేంటి? ఆయనకి నాలుగు వారాలు మందు పడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. పాస్ చేస్తే, ఆ హైవే మీద వీళ్ళందరినీ స్ట్రెచర్ మీద మా దగ్గరికే తెస్తారు. అదీ తెలుసు. బుధవారం మీకు ఆఫ్ కదా? వాళ్ళతో ఒకసారి వెళ్ళి రండి. కాయితం మీద కాకుండా కారులో చూడండి."

పెద్ద ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పనుందని ఆంటీకి ఫోన్ చేశాను. "తప్పకుండా రండి. కాకపోతే మధ్యలో కూర్చోవాలి," అంది. పళ్ళ గురించి ఏమీ అడగలేదు.

వెనక సీట్లో అక్కచెల్లెళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఆంటీ ఇంజను స్టార్ట్ చేసి, "సరే?" అంది.

"లైన్ క్లియర్," అన్నాడు ముందు సీట్లో సిగ్నలాయన.

"ఎడమ ఖాళీ," అంది అక్క.

"కుడి ఖాళీ," అంది చెల్లెలు.

కారు కదిలింది. అప్పుడు నాకు అర్థమైంది. ఆ నలుగురూ ఎప్పటినుంచో ఒకే మనిషిలా డ్రైవ్ చేస్తున్నారు. ఆంటీవి చేతులు, కాళ్ళు. కళ్ళు మిగతావాళ్ళవి. సిగ్నలాయన ఉద్యోగంలో లాగే బిగదీసుకుని కూర్చుని, "ముందు గొర్రెల లారీ, రెండొందల గజాలు, నెమ్మది," అంటాడు. ఆంటీ నెమ్మదిస్తుంది. అక్కచెల్లెళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు ఒప్పుకోని మనుషులు. అందుకని ఒకళ్ళు చూసింది రెండోవాళ్ళు మళ్ళీ చూసేవారు. నేను పరీక్షించిన పదిహేడేళ్ళ పిల్లలెవరూ అంత జాగ్రత్తగా నడపలేదు. పాపం వాళ్ళకి రెండేసి కళ్ళే ఉండేవి.

ఇంకో సంగతీ తట్టింది. ఈవిడ ఒంటరిగా కారు నడిపేది ఏడాదికి ఒక్కరోజే. ఆ రోజు నేను పెట్టే పరీక్ష రోజు. ప్రజల ప్రాణాలు కాపాడటం కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసిన రోజు.

పెద్దాసుపత్రికి క్షేమంగా చేరాం. బయట బెంచీ మీద కూర్చుని, గురువారం పాస్ చెయ్యడానికి కావలసిన కారణాలన్నీ కూడగట్టుకున్నాను. చాలానే దొరికాయి.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికి. మందు పడ్డాక సిగ్నలాయన మొహం పాలిపోయింది; కారెక్కుతూనే నిద్రపోయాడు. ప్రతివారమూ అంతేనట. తిరిగొచ్చేటప్పుడు ముందు వైపు కూడా అక్కచెల్లెళ్ళే చూసుకుంటారు. ఎండ వెనక అద్దంలోంచి మా మెడల మీద పడుతోంది. మా ఊరి రోడ్డు హైవేని దాటే చోట ఆంటీ కారు ఆపింది.

"ఎడమ?"

"ఖాళీ," అంది అక్క.

"కుడి?"

జవాబు లేదు. చెల్లెలి తల నా భుజం మీదికి వాలి ఉంది.

"కుడి?" అంది ఆంటీ మళ్ళీ. ఒక్క క్షణం చూసి, క్లచ్ వదలడం మొదలుపెట్టింది.

"ఆంటీ, ఆగండి," అన్నాను. తెలుగులో అన్నాను. ఆవిడకి తెలుగు రాదు. కారు మాత్రం ఆగింది.

గోధుమల లారీ, దాని వెనక ఇంకో ట్రెయిలరు, మా బానెట్ ముందునుంచి వెళ్ళాయి. కారు ఊగింది. ఆ ఊపుకి చెల్లెలికి మెలకువ వచ్చి, "కుడి ఖాళీ," అంది. అప్పటికి అది నిజమే.

ఇంటికి చేరేదాకా ఎవరం మాట్లాడలేదు, ఎడమలూ కుడులూ తప్ప. కుడి నేను చెప్పాను.

గురువారం పదింటికి ఆవిడ వచ్చింది. తొడుగులు, టోపీ. మేనేజరు కిటికీలోంచి నాకు కన్నుగీటి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చార్టు వద్దన్నాను. "అది మనిద్దరికీ వచ్చు కదా," అన్నాను. ఆవిడ నవ్వలేదు. కారెక్కాం. ఇంజను స్టార్ట్ చేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, తిన్నగా ముందుకు చూస్తూ అడిగింది:

"ఈవేళ మాట్లాడతారా?"

నేను రాత్రంతా ఈ ప్రశ్నకి ఇంగ్లిషులో పొడుగాటి జవాబు ఒకటి తయారుచేసుకున్నాను. నియమాలు, బాధ్యత, విచారం అన్నీ ఉన్నాయందులో.

"మాట్లాడను ఆంటీ," అన్నాను.

ఇంజను కాసేపు అలాగే తిరిగింది. తర్వాత ఆవిడ తాళంచెవి తిప్పి ఆపేసింది. తాళంచెవి తీసి, నా చెయ్యి ఎక్కడుందో వెతుక్కుని, అరచేతిలో పెట్టింది.

"అయితే నన్ను ఇంటికి తీసుకెళ్ళండి. టీ తాగుదాం."

ఫారం మీద పాస్, ఫెయిల్ అని రెండే గళ్ళున్నాయి. నేను రెంటి మధ్యా "పరీక్ష మొదలవలేదు" అని రాశాను. మేనేజరు అది చదివి, ఏదో అనబోయి, వేళ్ళు ఒకసారి రుద్దుకుని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత కొత్త చార్టు తెప్పించాను. దారి వారానికోసారి మార్చాను. నోరు మూసుకున్నాను. నేను అంతకుముందు పాస్ చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ పాసవలేదు. అంటే వాళ్ళ లైసెన్సుల మీద అన్నాళ్ళూ తిరిగింది నా కళ్ళే. ఎవరికీ ఏమీ కాకపోవడం నా గొప్ప కాదు. చర్చిలో మా బెంచీలో మాకు బోలెడంత చోటు దొరకడం మొదలైంది. క్లబ్బువాళ్ళు నన్ను బంతి దొర్లించడానికి పిలవడం మానేశారు. పని మెరుగుపడిందని హెడ్డాఫీసు నుంచి అభినందిస్తూ ఉత్తరం వచ్చింది.

కానీ బుధవారం మాత్రం వస్తూనే ఉంది. వెంటనే వచ్చిన బుధవారం నాకు ఆఫే. మీగడ రంగు కారు స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను. ఆంటీ వెనక మధ్య సీట్లోకి మారింది, నేను ఖాళీ చేసిన చోటికి. మిగతావాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు. ఇంజను స్టార్ట్ చేశాను.

"లైన్ క్లియర్," అన్నాడు సిగ్నలాయన.

"ఎడమ ఖాళీ."

"కుడి ఖాళీ."

వీళ్ళకి ఇక ఆ శ్రమ అక్కర్లేదని చెప్పడం నా ధర్మం అనుకున్నాను. వినయంగానే చెప్పాను. "మీరు హాయిగా కూర్చోండి. నాకు కనిపిస్తుంది," అన్నాను.

సిగ్నలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆవిడా అదే అనేది," అని మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. "ముందు పాల వ్యాను. నెమ్మది."

నెమ్మదించాను.